కుడికాలు ముందు పెట్టవలెను

చక్రాన్ని కనిపెట్టినవాడు గొప్పవాడే కానీ, దానికి దరఖాస్తు ఫారం కనిపెట్టినవాడు ఇంకా గొప్పవాడు. మొదటివాడి పేరు చరిత్రకు తెలియదు. రెండోవాడి పేరు రామమోహనరావు. ఆయన శాంతిచంద్ర కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు.

మే నెల పదకొండో తేదీ, ఆదివారం. ఆ పొద్దున హరిప్రసాద్ సర్వపిండి చేసుకున్నాడు. భార్య మాలతి పోయి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఆయన చేసిన సర్వపిండి గిన్నెకు అంటుకోకుండా ఒకే ముక్కగా ఊడివచ్చింది ఆ రోజే కనుక తేదీ గుర్తుండిపోయింది. దాన్ని మామిడికాయ తొక్కుతో నంజుకుంటూ వరండాలో కూర్చున్నాడు. ఎదురుగా కొత్త సిమెంటు రోడ్డు. ఆ రోడ్డు మీద పక్కింటి సుజన హెల్మెటూ, మోకాళ్లకు పట్టీలూ పెట్టుకుని ఒక పొడవాటి చెక్క మీద నిలబడి, చప్పుడు లేకుండా, కాలనీ గేటు దాకా జారిపోయింది.

హరిప్రసాద్ నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది.

పోచంపల్లి నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో ముప్పై ఎనిమిదేళ్లు పరుపు మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్న మనిషి ఆయన. కొంగు పట్టి విసిరితే పట్టుచీర తెల్ల పరుపు మీద ఆ చివరిదాకా ఎలా జారుతుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లూ చీరలు జారాయి. ఆయన మాత్రం కూర్చున్నచోటే ఉన్నాడు.

"గదేంది బిడ్డా?" అని అడిగాడు, సుజన చెక్క చంకన పెట్టుకుని తిరిగి వస్తుంటే.

"లాంగ్‌బోర్డ్ అంకుల్."

"నాకు నేర్పిస్తవా? అరవై ఒకటి నడుస్తున్నయ్ నాకు."

ఆ అమ్మాయి కొత్తపేటలో కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షలు చేస్తుంది. ఏ వయసువాళ్లనైనా నవ్వకుండా చూడటం వృత్తిరీత్యా అలవాటు. "మోకాళ్లు ఒంగుతయా?" అంది.

"ముప్పై ఎనిమిదేండ్లు ఒంచుకొనే కూసున్న."

"అయితే మా షాపు పోరగాళ్ల కన్న మీరే నయం. గని ఒక మాట. ముందు హెల్మెట్ కొనాలె, చెక్క తర్వాత."

హెల్మెట్ తర్వాత మణికట్లకు, మోచేతులకు, మోకాళ్లకు రక్షణ పట్టీలు వచ్చాయి. ఆ తర్వాత అడుగు పల్చగా, సాఫుగా ఉన్న బూట్లు. అన్నిటికన్నా చివర, ఆ సాయంత్రానికి, చెక్క. పొడుగ్గా, వెడల్పుగా, నేలకు బాగా దగ్గరగా ఉన్నది ఎంచింది సుజన. చెక్క ఎత్తు తగ్గితే నేలను తన్నే కాలికి శ్రమ తగ్గుతుందట. చక్రాలు పెద్దవి, మెత్తనివి. "చిన్న గట్టి చక్రమైతే ఇంతంత రాయి తగిలినా బోర్డు ఆగుతది అంకుల్. మనం ఆగం. గదే తేడా."

ఇక మిగిలింది రోడ్డు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు సంగతి సుజన ఎత్తనివ్వలేదు. బండ్లు తిరిగే రోడ్డు మీదికి బోర్డు తీయకూడదన్నది ఆమె పెట్టుకున్న మొదటి నియమం. సరూర్‌నగర్ చెరువు కట్ట మీద నడిచేవాళ్ల రద్దీ. కాలనీలో మిగతా వీధులన్నీ మూడుసార్లు తవ్వి నాలుగుసార్లు పూడ్చినవి. పనికొచ్చేది ఈ ఒక్క రోడ్డే. రెండు వందల యాభై మీటర్లు, కనీకనిపించని వాలు, అద్దంలాంటి సిమెంటు.

దాని అంచు వెంట అప్పటికే ముగ్గుతో ఒక తెల్ల గీత ఉంది. రోడ్డు పూర్తయిన మధ్యాహ్నమే పైపుల విభాగం వాళ్లు వచ్చి గీసి, జూన్ పదహారున తవ్వుతామని బోర్డు పాతారు. (రోడ్డు వేయకముందే తవ్వి ఉండవచ్చు కదా అని ఒకరు అడిగితే, లేని రోడ్డును తవ్వడానికి బడ్జెట్ ఉండదని వాళ్లు ఓపికగా వివరించారు.) మళ్లీ వేయడానికి రెండేళ్లు పట్టవచ్చునన్నారు. రెండేళ్ల తర్వాత అరవై మూడేళ్ల మోకాళ్లు ఏమంటాయో హరిప్రసాద్‌కు తెలియదు. చేతిలో ఉన్నవి ముప్పై ఆరు రోజులు.

మరునాడే సంఘం నుంచి నోటీసు వచ్చింది.

అది తెచ్చింది గజేందర్. ఆయన భద్రతా ఉపసంఘం కన్వీనరు. ఉద్యోగంలో ఉండగా ఇరవై ఆరేళ్లు జనంతో ఎనిమిది అంకె ఆకారంలో బండి నడిపించి, పాసు, ఫెయిలు రాసిన మనిషి. స్కూటరు మీద రాంగ్ సైడులో వచ్చి, మోచేతికి తగిలించుకున్న హెల్మెట్ సర్దుకుంటూ నోటీసు చదివి వినిపించాడు. కాలనీలో హెల్మెటూ, పట్టీలూ పెట్టుకుని తిరిగే వ్యక్తి ఒకే ఒక్కరు కనబడుతున్నందున, ఆ వ్యక్తి చేసే పని ప్రమాదకరమైనదని సంఘం భావించింది. కనుక లాంగ్‌బోర్డును నియమావళి పరిధిలోకి తెచ్చారు. అనుమతి కార్డు వచ్చేదాకా సుజన గానీ, హరిప్రసాద్ గానీ రోడ్డు మీద చక్రం ఆనించరాదు.

"నాకు పనున్నది అన్నా," అంది సుజన, "జల్ది పోయి ఆఫీసుల అడుగుదాం పాండ్రి."

సంఘం ఆఫీసులో ఫారం నాలుగు పేజీలు. వాహనం రకం అన్నచోట 'చెక్క' అని రాశాడు హరిప్రసాద్. ఇంజను నంబరు అన్నచోట ఆధార్ నంబరు వేయమన్నారు. హారన్ అన్నచోట 'నోరు'. కాలుష్య ధ్రువపత్రం గురించి కాసేపు చర్చ జరిగి, నడిపేవారు ఉల్లిపాయ తినకుండా ఉంటే చాలునని తీర్మానించారు. ఇంధనం అన్న గడి దగ్గర ఆయన 'కాలు' అని రాసేసరికి రామమోహనరావు కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఏ కాలండీ? ఫారంలో అస్పష్టత ఉండకూడదు."

"ఒక కాలు బోర్డు మీద ముందు పెడతరు సార్," అంది సుజన. "రెండోది నేలను తన్నుతది. అంకుల్ వెనకకెల్లి ఉత్తగ జరంత నూకి చూసిన. పడిపోకుండ ఆపుకునేతందుకు ఎడమకాలు ముందర పెట్టిండు. అంటే ఈయనకు ఎడమకాలు ముందు. కొందరికి కుడి. పుట్టుకతోని వచ్చేది."

రామమోహనరావు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయనది తెనాలి దగ్గర ఊరు. ముప్పై ఏళ్ల క్రితం ఎల్బీనగర్ వచ్చినా మాటా, పట్టుదలా రెండూ అక్కడివే. "ఎడమకాలు ముందు పెట్టడమేంటమ్మా? కొత్త ఇంట్లో ఎడమకాలు పెడతామా? కొత్త కోడలు పెడుతుందా? భద్రత భద్రత అంటూ మొదటి అడుగే అశుభంతోనా?"

"సార్, బ్యాలెన్సు తప్పి పడ్తడు."

"కుడికాలు పెట్టి పడితే అది విధి అమ్మా. ఎడమకాలు పెట్టి పడితే సంఘం బాధ్యత."

తొమ్మిదో నియమం ఆ సాయంత్రమే టైపయింది: *బోర్డు నడుపువారందరూ విధిగా కుడికాలు ముందు పెట్టవలెను.* పదో నియమం, కొత్త వాహనం కనుక పూజ. పదకొండోది, నంబరు ప్లేటు. పద్నాలుగో నియమం అప్పటికి ఎవరూ చదవలేదు. దరఖాస్తుదారులందరికీ పనికొచ్చే వాక్యాలు అక్కడే ఉంటాయని తెలిసినా, పేజీ తిప్పే ఓపిక మనుషులకు ఉండదు.

సుజన తన దరఖాస్తును అక్కడే చించేసింది. "నాకు మా షాపు కంపెనోళ్ల గ్రౌండున్నది, ఆదివారం ఆడ్నే నడుపుకుంట. లోపలికి బయటోళ్లను రానీయరు, లేకుంటే మిమ్మల్ని గూడ తీస్కపోతుంటి అంకుల్," అంది. హరిప్రసాద్ మాత్రం తన ఫారం మీద నిదానంగా సంతకం చేశాడు. ముప్పై ఎనిమిదేళ్లలో నూట యాభై చీరలు విప్పించి ఒక జాకెట్టు ముక్క కొనుక్కుని వెళ్లిన గిరాకీలను నమస్కారం పెట్టి సాగనంపిన మనిషి. ఆయన ఓపికకు అడుగు కనబడదు.

పూజ మే ఇరవై అయిదున జరిగింది. చెక్కకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. కాలనీలో కొన్న ప్రతి కారుకూ చేసినట్టే నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టారు. కారు కింద నిమ్మకాయ నలుగుతుంది. కారు బరువు టన్ను పైన. హరిప్రసాద్ బరువు యాభై ఎనిమిది కిలోలు; చక్రం నిమ్మకాయ కన్నా కాస్తంత పెద్దది.

"సార్, వద్దు. గవి తీసేయిండ్రి," అంది సుజన.

"శాస్త్రం అమ్మా," అన్నాడు రామమోహనరావు.

హరిప్రసాద్ నియమం ప్రకారం కుడికాలు ముందు పెట్టి, ఎడమకాలితో నేలను తన్నాడు. బోర్డు ఆగింది. ఆయన ఆగలేదు. సిమెంటు మీద మోకాళ్ల పట్టీలు, మణికట్టు పట్టీలు, హెల్మెటు ఒకదాని తర్వాత ఒకటి టకటకమన్నాయి. ఆయన లేచి కూర్చుని చేతులు చూసుకున్నాడు. పట్టీల ప్లాస్టిక్కు మీద గీతలు పడ్డాయి, చర్మం మీద ఒక్కటీ లేదు. గీతలు పడటానికి ఇంకో వస్తువు ఉండటం ఎంత గొప్ప సంగతో అనుకున్నాడు. వాచ్‌మన్ బక్కయ్య పరుగున కుర్చీ తెచ్చి వేసి, ఎవరూ చెప్పకుండానే మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

విచారణ సంఘం మూడు రోజులు కూర్చుంది. పూజ మధ్యలో జరిగినది వాహన చోదనం కిందికి రాదు, పూజ కిందికే వస్తుంది కనుక ప్రమాదం జరగలేదని తేల్చింది. అయితే నిమ్మకాయలు మరీ గట్టివి కాకుండా చూడాలని సిఫారసు చేసింది.

ఆ తర్వాత శిక్షణ. రోడ్డు మీద కుదరదు కనుక కాలనీ కమ్యూనిటీ హాలులో, ఫంక్షన్లు లేని రోజుల్లో, సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు. (జూన్ మొదటి వారంలో కాలనీలో ఫంక్షన్లు లేని రోజులు మూడు.) హాలు పొడవు నలభై అడుగులు, తర్వాత గోడ. అందుకని హరిప్రసాద్ అన్నిటికన్నా ముందు ఆగడం నేర్చుకున్నాడు. సుజన గోడకు ఆనుకుని నిలబడి చెప్పేది:

"కాళ్ల దిక్కు చూడకుండ్రి. ఎటు చూస్తే అటే పోతది బోర్డు. ఎదురుంగ చూడుండ్రి. మోకాళ్లు జర ఒంచుండ్రి. ఆఁ, గట్ల. బరువు ముందరి కాలి మీద పెట్టుండ్రి. ఇప్పుడు వెనకకాలు దించి అరికాలు నేల మీద మెల్లగ రాయుండ్రి. తొక్కుడు గాదు, రాసుడు."

"మగ్గం తొక్కినట్టే ఉన్నది బిడ్డా. చిన్నప్పుడు గుంటమగ్గం మీద ఒక కాలు ఒక పని జేస్తుంటే ఇంకో కాలు దాని పని అది జేస్తుండె."

"మగ్గం మీద ఎవలన్న కింద పడ్డరా?"

"లే. గుంటలనే ఉంటిమి గదా, ఇంకేడ పడ్తం?"

ఎడమకాలు ముందు పెడితే మూడో రోజుకే పావురంలా వాలి లేచాడు. అటూ ఇటూ తిరగడానికి మడమల మీదా మునివేళ్ల మీదా బరువు మార్చడం వచ్చేసింది. వేగం చేతికి మించితే బోర్డు మీద బిగుసుకుపోకుండా దిగి నాలుగడుగులు పరుగెత్తడం కూడా వచ్చింది. కుడికాలు ముందు పెడితే మాత్రం కొత్తగా నడక నేర్చిన మేకపిల్లలా అయిపోయేవాడు.

పరీక్ష జూన్ ఒకటిన అన్నారు, కోరం లేదు. జూన్ ఎనిమిదికి మార్చారు. ఆ రోజు ఎవరిదో ఓణీల ఫంక్షన్, రోడ్డుకు అడ్డంగా షామియానా. షామియానా కోసం అనుమతి అడగాలని ఆ ఇంటివాళ్లకు తోచలేదు, అడగాలని చెప్పడం సంఘానికి మర్యాద అనిపించలేదు. హరిప్రసాద్ కూడా వెళ్లి అక్షింతలు వేసి, బిర్యానీ తిని వచ్చాడు. ఆ రాత్రి గోడ క్యాలెండరులో పదహారో తేదీ దాకా మిగిలిన గడులను లెక్కపెట్టుకున్నాడు.

చివరికి జూన్ పదిహేను, ఆదివారం సాయంత్రం అయిదున్నర. గేటు బయట తవ్వే యంత్రం అప్పటికే వచ్చి, ఇనుప పళ్ల తొట్టి నేలకు ఆనించి నిద్రపోతున్నది. రోడ్డు చివర సున్నంతో ఆగే గీత గీశారు. రామమోహనరావు నీడన కుర్చీ వేయించుకుని ఫోను చూసుకుంటున్నాడు. గజేందర్ చేతిలో అట్ట, దాని మీద మార్కుల కాగితం. బక్కయ్య పొడుగు చీపురుతో పై నుంచి కింది దాకా రోడ్డు ఊడ్చుకొచ్చాడు.

"రాళ్లన్ని ఏరేసిన సార్. రూల్ల లేదు గని, చేసిన," అన్నాడు హరిప్రసాద్ చెవిలో.

మొదటిసారి కుడికాలు ముందు పెట్టాడు. ఇరవై అడుగులు పోయేసరికి బోర్డు వణికింది. దిగి నాలుగడుగులు పరుగెత్తి నిలదొక్కుకున్నాడు.

"ఫెయిల్," అన్నాడు గజేందర్, నొచ్చుకుంటూ. "ఇంకో చాన్సున్నది అన్నా."

రెండోసారి ఆలోచించుకునే లోపే కాలు తన పని తాను చేసింది. ఎడమకాలు ముందు పడింది. కుడికాలు రెండు మూడు తన్నులు తన్ని, పైకి వచ్చి కుదురుకుంది. మోకాళ్లు వంగాయి. చూపు దూరంగా గేటు మీద నిలిచింది.

రోడ్డు ఆయన కిందనుంచి జారడం మొదలుపెట్టింది. ఒక ఇంటి ముందు మల్లెలు, ఇంకో ఇంట్లో ఎవరో పోపు వేస్తున్న వాసన, గోడ మీద కూర్చుని తల తిప్పి చూసిన పిల్లి, అన్నీ వరసగా వచ్చి వెళ్లాయి, దేన్నీ కొనమని ఎవరికీ చెప్పనక్కర్లేదు. మునివేళ్ల మీదికి కొంచెం వాలితే కుడికి, మడమల మీదికి వాలితే ఎడమకి. చెవుల దగ్గర గాలి. గేటు దగ్గరపడగానే కుడి అరికాలు దించి రాశాడు. బోర్డు సరిగ్గా సున్నపు గీత మీద ఆగింది.

గజేందర్ పెన్ను పట్టుకుని చాలాసేపు ఆ గీతనే చూశాడు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో గీత మీద ఆగినవాళ్లు ఆయనకు వేళ్ల మీద లెక్క.

"బ్రహ్మాండం అన్నా," అన్నాడు. "ఫెయిల్."

"ఎందుకు గజేందర్?"

"ఎడమకాలు. తొమ్మిదో నియమం."

హరిప్రసాద్ హెల్మెట్ పట్టీ విప్పబోయాడు. సుజన ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. రెండో చేతిలో నియమావళి ఉంది, నాలుగో పేజీ తిప్పి ఉంది.

"గజేందరన్నా, పద్నాలుగోది చదువుత, ఇనుండ్రి. 'పరీక్షలో ఉత్తీర్ణులైనవారు కార్డు అందువరకు, అనగా పదిహేను రోజులు, బోర్డు మీద కాలు మోపరాదు. అనుత్తీర్ణులు మాత్రము సూర్యాస్తమయము వరకు ఎన్నిమార్లయినను తిరిగి పరీక్షకు హాజరు కావచ్చును.'"

గజేందర్ గేటు బయట యంత్రం వైపు చూశాడు. కుర్చీలో ఫోను చూసుకుంటున్న అధ్యక్షుడి వైపు చూశాడు. తర్వాత వాచీ చూసుకున్నాడు. ఆరు కావడానికి అయిదు నిమిషాలుంది. పొద్దుగూకేది ఏడుకు కాస్త ముందు.

"అన్నా," అన్నాడు గొంతు తగ్గించి, "మల్లొకసారి ఫెయిలైతవా?"

హరిప్రసాద్ ఫెయిలయ్యాడు. బోర్డు చంకన పెట్టుకుని రోడ్డు పైదాకా నడిచి వెళ్లి మళ్లీ ఫెయిలయ్యాడు. ప్రతిసారీ ఎడమకాలు ముందు పెట్టి, ప్రతిసారీ ఎదురుగా చూసి, ప్రతిసారీ గీత మీద ఆగాడు. నాలుగోసారికి జనం గేట్ల దగ్గరికి వచ్చారు. అయిదోసారి బక్కయ్య పైదాకా బోర్డు తానే మోసుకెళ్లి ఇచ్చాడు. ఏడోసారి పాము మెలికల్లా రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకు తిరుగుతూ వచ్చాడు. అలా వస్తే వేగం దానంతట అదే తగ్గుతుందని సుజన చెప్పింది నిజమే. ఒకసారి రామమోహనరావు తలెత్తి, "ఏంటి గజేందర్ గారూ, ఇంకా రాలేదా ఆయనకి?" అని అడిగాడు.

"యాడొస్తది సార్. మొండి కాలు," అన్నాడు గజేందర్, కాగితం మీద నుంచి తల ఎత్తకుండా.

తొమ్మిదోసారి ఆగేసరికి గీత సరిగా కనబడలేదు. వీధి దీపాలు వెలిగాయి. గజేందర్ తొమ్మిది గడుల్లోనూ ఫెయిలు రాసి, సంతకం కోసం అట్ట ముందుకు చాపాడు. హరిప్రసాద్ చెమట తుడుచుకుని అన్నిటికీ సంతకం చేశాడు.

"మా సర్వీసుల గింత మంచిగ ఫెయిలైనోన్ని చూడలే అన్నా," అన్నాడు గజేందర్. తర్వాత స్కూటరు స్టార్టు చేస్తూ ఏమనుకున్నాడో ఏమో, మోచేతికున్న హెల్మెట్ తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

హరిప్రసాద్ ఇంటికి వెళ్తూ సంఘం ఆఫీసు దగ్గర ఆగాడు. లోపల రామమోహనరావు నెలవారీ నివేదిక పూర్తిచేస్తున్నాడు. లాంగ్‌బోర్డు దరఖాస్తులు రెండు, ఉపసంహరణ ఒకటి, అనుమతులు సున్నా, ప్రమాదాలు సున్నా. భద్రత నూటికి నూరు శాతం. పక్క కాలనీవాళ్లు నియమావళి నకలు అడిగారని సంతోషంగా చెప్పాడు.

"రేపు రోడ్డు తవ్వుతున్నరు గద సార్," అన్నాడు హరిప్రసాద్. "ఇగ గా రూల్స్ తీసేస్తరా?"

"అదెలా కుదురుతుందండీ? రూలు తీసేయాలంటే సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల మంది చేతులెత్తాలి. రోడ్డు తీసేయడానికైతే ఎవరూ ఎత్తక్కర్లేదు," అన్నాడు రామమోహనరావు. ఎదురింట్లో పసిపాప అప్పుడే నిద్రపోయిందని, ఆఫీసు తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి, ఆ రాత్రికి తాళం పెట్టాడు.